పళ్లెం చప్పుడుకు తిరిగితే వినిపిస్తున్నట్టేనా?

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు. పుట్టినప్పుడు చేసిన వినికిడి పరీక్షలోనూ, తర్వాత బెరా పరీక్షలోనూ రెండు చెవుల్లో తీవ్ర లోపం ఉందన్నారు. కాక్లియర్ ఇంప్లాంట్ చేయించమంటున్నారు. కానీ వెనక నుంచి పళ్లెం మీద గరిటెతో కొడితే పాప తిరిగి చూస్తోంది. ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యంగానే వచ్చాయని మా అత్తగారు అంటున్నారు. జన్యు చికిత్సతో చెవుడు తగ్గిందని ఈ మధ్య చదివాం. దానికోసం ఆగవచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఆ పళ్లెం సంగతి చెబుతాను. చేయి ఎత్తితే పడే నీడ, నేల అదురు, ఎదురుగా కూర్చున్నవారి చూపు ఎటు తిరిగింది, ఇవన్నీ వినిపించని పిల్లలు మనకంటే చురుగ్గా పసిగడతారు. నా దగ్గరికి వచ్చిన ఒక పాప, తల్లి చప్పట్లు కొట్టిన ప్రతిసారీ తిరిగేది. తల్లిని తలుపు అవతల నిలబెట్టి అవే చప్పట్లు కొట్టమన్నాను. పాప తల ఎత్తలేదు, బొమ్మతో ఆడుకుంటూనే ఉంది. బెరాలో బిడ్డ నిద్రలో ఉండగా, తలకు అతికించిన ఎలక్ట్రోడ్లు వినికిడి నాడి స్పందనను నమోదు చేస్తాయి. అక్కడ నీడకూ చూపుకూ చోటు లేదు. దాన్నే నమ్మండి.

లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా ఉంటుంది. అందులోని రోమకణాలు శబ్దాన్ని నాడికి అందిస్తాయి. అవి బాగా దెబ్బతింటే వినికిడి యంత్రం ఎంత పెంచి పంపినా అందుకునేవారు ఉండరు. ఇంప్లాంట్ అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే పరికరం. అది ఆ కణాలను దాటి నేరుగా నాడినే తట్టి లేపుతుంది. ఎలక్ట్రోడ్ల తీగను ఆ చుట్లలోకి దెబ్బ తగలకుండా ఎలా పంపాలో ఆస్ట్రేలియా వైద్యుడు గ్రేమ్ క్లార్క్‌కు సముద్రపు ఒడ్డున తట్టింది. ఒక గుల్లలోకి గడ్డిపరకను దూర్చి చూశారు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక సాఫీగా లోపలికి వెళ్లింది. 1978లో ఆయన తన తొలి రోగికి ఇంప్లాంట్ అమర్చారు.

ఇక జన్యు చికిత్స. అది నిజమే, నాకూ ఎంతో సంతోషం కలిగించిన వార్త. 2024లో వెలువడిన ఒక చైనా అధ్యయనంలో ఆరుగురు పిల్లల్లో అయిదుగురికి వినికిడి వచ్చింది. కానీ వాళ్లందరిదీ ఓటీఓఎఫ్ అనే ఒకే జన్యువులో లోపం. పుట్టుకతో వచ్చే చెవుడులో అది చిన్న భాగం మాత్రమే. ఎక్కువగా కనిపించే జీజేబీ2 అనే మరో జన్యువు లోపానికి ఆ చికిత్స పనిచేయదు. కాబట్టి ఆగడం కాదు, పాపకు ఇప్పుడే జన్యు పరీక్ష చేయించండి. ఓటీఓఎఫ్ అని తేలితే అప్పుడు మీ వైద్యులతో ఆ మాట తప్పక మాట్లాడండి. మరో కారణమైతే ఎదురుచూడటానికి ఏమీ లేదు.

ఎందుకింత తొందర అంటారా? ఒక బాబును ఆరేళ్లకు తీసుకొచ్చారు. అక్కడా ‘వాళ్ల నాన్నకూ ఆలస్యమే’ అన్న మాటే. ఆపరేషన్ చక్కగా జరిగింది. తలుపు చప్పుడు, కుక్క అరుపు వినిపిస్తున్నాయి. మాట మాత్రం చిక్కడం లేదు. భాషను అల్లుకునే తొలి ఏళ్లు మెదడుకు నిశ్శబ్దంలోనే గడిచిపోయాయి. ఆ బిడ్డ ముఖం నన్ను ఇప్పటికీ వదలదు. అమెరికాలో ఇంప్లాంట్‌కు కనీస వయసు 1990లో రెండేళ్లు, 2000లో ఏడాది, 2020లో తొమ్మిది నెలలు. అలా తగ్గిస్తూ వచ్చింది ఇందుకే.

ఆపరేషన్‌కు ముందు స్కానింగులు, న్యూమోకోకల్ టీకా అవసరం. ఆపరేషన్ అయిన కొన్ని వారాల తర్వాత ఇంప్లాంట్‌ను ఆన్ చేస్తారు. ఆ క్షణాన చాలామంది పిల్లలు బెదిరి ఏడుస్తారు, మీరు కంగారు పడకండి. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఏళ్ల తరబడి స్పీచ్ థెరపీ కావాలి. ఇంట్లో రోజూ మీ నోరు కనిపించకుండా ‘ఆ, ఊ, ఈ, మ్, ష్, స్’ అని పలికి, పాప దేనికి స్పందించిందో రాసిపెట్టుకోవాలి.

వినికిడి యంత్రాలు ఇంకా పెట్టించకపోతే ఈ వారమే పెట్టించండి. వాటితో ఎంత మేలు జరుగుతుందో చూశాకే ఇంప్లాంట్ నిర్ణయం. ఈసారి ఆసుపత్రికి అత్తగారినీ వెంట తీసుకెళ్లండి. బెరా కాగితంలోని గీతలను ఆమెకు కూడా చూపించి చెప్పమని వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టును అడగండి.