సంఘ పెద్దగా నియమితుడైన తమ్మునికి

ప్రియమైన తమ్మునికి, ప్రభువు నామమున వందనములు.

నీ ఉత్తరం చదివాను. ఆరాధనకు మూడు వారాలు వరుసగా ఆలస్యంగా వచ్చిన సహోదరిని సంఘమంతటి ఎదుట హెచ్చరించావనీ, ఆనాటి నుండి ఆమె రావడమే మానుకుందనీ రాసి, ఇందులో నీ తప్పేమిటని అడిగావు. నియమం నీ పక్షాననే ఉంది, కాదనను. అయినా లూకా సువార్త 13వ అధ్యాయం తెరిచి, అక్కడి సమాజమందిరపు (యూదుల ప్రార్థనాస్థలపు) అధికారిని కాస్త నిదానంగా గమనించు. 18 ఏళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీ, పని చేయకూడని విశ్రాంతిదినాన యేసు స్వస్థపరచగా నిటారుగా నిలబడి దేవుణ్ణి మహిమపరుస్తుంటే అతనికి కోపం వచ్చింది. కోపం యేసు మీద, మందలింపు మాత్రం జనసమూహానికి: పనిచేయడానికి ఆరు దినాలున్నాయి గనుక ఆ దినాల్లోనే వచ్చి స్వస్థత పొందమన్నాడు. ఆ స్త్రీని అతడు పలకరించినట్టు లూకా ఎక్కడా రాయలేదు. విశ్రాంతిదినాన సైతం ఎద్దునో గాడిదనో విప్పి నీళ్లకు తోలుకుపోతారు కదా అని ప్రభువు అడిగినప్పుడు ఆయనను ఎదిరించినవాళ్లు సిగ్గుపడ్డారు. పశువు దాహం తెలిసినవారికి, పక్కనే ఇన్నేళ్లు వంగి నడిచిన మనిషి బాధ తెలియకపోయింది.

నేనూ అదే అధికారిలా ప్రవర్తించినవాణ్ణే. కొత్తగా పెద్దనైన రోజుల్లో, కొన్ని ఆదివారాలు రాలేదని ఒక సహోదరుని పేరును వాక్యం చదివేవారి జాబితా నుండి కొట్టివేశాను. మంచాన పడిన తల్లికి అతడు రాత్రింబవళ్లు సేవ చేస్తున్నాడని ఆమె సమాధి కార్యక్రమంలో గాని నాకు తెలియలేదు. అతడు నన్ను నిందించలేదు. నిందించి ఉంటే కొంత తేలికగా ఉండేది.

అలాగని నియమాలన్నీ గాలికి వదిలేయమనడం లేదు. పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదియవ వంతు లెక్కపెట్టి ఇస్తూ న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని విడిచిపెట్టినవారిని మత్తయి 23లో గద్దించినప్పుడు కూడా, వాటిని మానకుండానే వీటిని చేయవలసిందని ప్రభువు అన్నాడు. (సొంత బద్ధకానికి ప్రేమ అని పేరు పెట్టుకునేవారూ ఉంటారు, వారి సంగతి మరో ఉత్తరంలో రాస్తాను.) నీవు నియమాన్నే పట్టుకున్నావనుకున్నా, తప్పు చేసిన సహోదరుణ్ణి మొదట ఒంటరిగా కలిసి మాట్లాడమన్న మత్తయి 18లోని ఆజ్ఞను దాటావు కదా!

వచ్చే ఆదివారం లోపే ఆ సహోదరి ఇంటికి వెళ్లు. నీ భార్యనూ వెంట తీసుకెళ్లు. ఆమె ఎదుట మనసు విప్పడం ఆ సహోదరికి సులభమవుతుంది. కూర్చోగానే ఆలస్యానికి కారణం అడగవద్దు. అందరిలో అవమానపరిచినందుకు ముందుగా నీవే క్షమాపణ కోరు, ఆపై ఆమె చెప్పినంత సేపు విను. ఏమీ చెప్పకపోయినా నొచ్చుకోక, ప్రార్థించి లేచి రా. హాజరు పుస్తకం మాత్రం చేత పట్టుకుని వెళ్లకు.

ప్రభువునందు,
నీ అన్న