పాత మిల్లు సిమెంటు రేకులు: బాధ్యత కాంట్రాక్టరు మీదకు నెట్టొచ్చా?

ప్రశ్న: తెనాలి దగ్గర మా పాత రైస్‌మిల్లు పడగొట్టి కల్యాణ మండపం కట్టాలనుకుంటున్నాం. షెడ్డు మీద 120 దాకా ఆస్బెస్టాస్ రేకులున్నాయి. జేసీబీ పెట్టి ఒక్కసారే కూల్చి, ముక్కలు పునాది గుంతల్లో నింపేస్తానంటున్నాడు కాంట్రాక్టరు. పక్కనున్న స్కూలు వాళ్లు లాయరు నోటీసు ఇచ్చారు. పూచీ అంతా కాంట్రాక్టరుదేనని అగ్రిమెంటు రాయించుకుంటే చాలదా?

జవాబు: చాలదు. ఆ అగ్రిమెంటు మీ ఇద్దరి మధ్యే చెల్లుతుంది, స్కూలుకు అడ్డురాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో 23వ నియమం కింద, వ్యర్థం ఎవరి అధీనంలో ఉంటే పర్యావరణానికీ ఇతరులకూ జరిగిన నష్టానికి వారే జవాబుదారీ. స్థలమూ మీదే, రేకులూ మీవే.

అలాగని రేకులు దించడం నేరం కాదు. తెల్ల ఆస్బెస్టాస్ రేకుల తయారీకే మన దేశంలో నిషేధం లేదు. ఏవి ప్రమాదకర వ్యర్థాలో చెప్పే పై నియమాల మొదటి షెడ్యూల్లో 15వ వరుసలో 'పారేసిన ఆస్బెస్టాస్' ఉంది గానీ, ఆ వరుస శీర్షిక తయారీ పరిశ్రమ గురించి. పాత కప్పుకు అది వర్తించదని వాదించొచ్చు. బడి పక్కన దుమ్ము లేపి ఆ వాదన చేస్తే ఏ జడ్జికీ నచ్చదు. పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షను కింద జరిమానా 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా ఉంటుంది. పరిహారం కోసం స్కూలు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు (పర్యావరణ కేసులు వినే న్యాయస్థానానికి) వెళ్లడానికి 5 ఏళ్ల గడువుంది. అంతకుముందే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 152వ సెక్షను కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు పని ఆపించగలరు.

అందుకే జేసీబీ రాకముందే రేకులు విడిగా దించాలి. సెలవుల్లో పెట్టుకోండి. ముందు సన్నటి జల్లుగా నీళ్లు కొట్టి తడపాలి. గట్టి ధారతో కొడితే పైపొర ఊడి, ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ పోగులు లేస్తాయి. బోల్టులు కోసి, రేకును పగలకుండా తాళ్లతో దించాలి. గ్రైండరు రేకుకు తగలకూడదు. 3 మీటర్ల రేకు 40 కిలోల పైమాటే, కాబట్టి మొత్తం దాదాపు 5 టన్నులు. కూలీలు రేకు మీద నేరుగా కాలు పెడితే అది పగిలి కింద పడతారు. అడ్డంగా పలకలు వేయించండి, ఒంటికంతా పట్టే సేఫ్టీ బెల్టులు (ఫుల్ బాడీ హార్నెస్) కట్టించండి. బట్ట మాస్కు ఈ పోగుల్ని ఆపదు, అతి సన్నటి ధూళిని ఆపే పీ3 రకం ఫిల్టరున్నది కావాలి. దించినవి రెండు పొరల మందపాటి పాలిథిన్‌లో చుట్టి, టేపు వేసి, పైన ఆస్బెస్టాస్ అని రాయించండి.

పని మొదలెట్టకముందే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి లిఖితపూర్వకంగా అర్జీ పెట్టి, రేకులు ఎక్కడికి పంపాలో అడగండి. విశాఖపట్నం దగ్గర పరవాడలో ప్రమాదకర వ్యర్థాల పూడ్చివేత కేంద్రం ఉంది. సరుకు వెంట ఫారం 10 మానిఫెస్టు (వ్యర్థాల రవాణా పత్రం) వెళ్లాలి. అగ్రిమెంటులో రేకుల పని వేరే పద్దుగా రాసి, సంతకమైన మానిఫెస్టు కాపీ చేతికొచ్చాకే దాని డబ్బు ఇస్తానని షరతు పెట్టండి. కాంట్రాక్టర్లకు అర్థమయ్యే భాష అదొక్కటే.

మిల్లుకు సొంత పాత ట్రాన్స్‌ఫార్మరు ఉంటే, ఆయిలు తీయకముందే అందులో పీసీబీలు (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే విష రసాయనాలు) ఉన్నాయేమో పరీక్ష చేయించండి. పీసీబీలున్న పరికరాల వాడకానికి 2016 ఉత్తర్వు ఇచ్చిన గడువు 2025 డిసెంబరు 31. తుక్కు వ్యాపారికి అలాగే అమ్మేస్తే ఇంకో కేసు కొనితెచ్చుకున్నట్టే.

నోటీసుకు గడువులోగా జవాబివ్వండి. పని తేదీలు, అర్జీ కాపీ, ప్రస్తుత కప్పు ఫొటోలు జతచేయండి.