కోడలా, మరకకో కారణం ఉండాలి

కోడలా,

నువ్వు ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసిన మిగ్-21 యుద్ధవిమానం మోడల్ ఫొటోలు అందాయి. అతికింపు శుభ్రంగా వచ్చింది. 1/48లో, అంటే అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు సైజులో చేశావు కాబట్టి దాదాపు 30 సెంటీమీటర్ల పొడవుతో టేబుల్ మీద నిండుగా ఉంది. "ఇక్కడిదాకా ధైర్యంగానే వచ్చాను మామయ్యా, రంగు దగ్గరే టెన్షన్" అన్నావు. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ పనులు చూసే మెకానిక్‌గా, పన్నెండేళ్ళు ఆ విమానాల పొట్టల కింద వెల్లకిలా పడుకుని పని చేసినవాణ్ణి, బయటికొచ్చాక ఇన్నేళ్ళుగా వాటినే చిన్నవిగా చేసుకుంటున్నవాణ్ణి. నాకు తెలిసింది రాస్తున్నాను, నిదానంగా చదువుకో.

ప్రైమర్, అంటే రంగు కింద వేసే తొలి పూత, దానికంటే ముందు మోడల్‌కి స్నానం చేయించాలి. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, కడిగి ఒక రాత్రంతా ఆరనివ్వు. అచ్చులో పట్టిన జిడ్డు, నీ వేళ్ళ జిడ్డు, ఎమరీ కాగితం పొడి అన్నీ పోతాయి. ఆ తర్వాత గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

ప్రైమర్ ఉన్నది రంగు పట్టుకోవడానికే అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో దాని అసలు పని తప్పులు బయటపెట్టడం. మిగ్-21 ఒళ్ళంతా ఒక గొట్టం, దాని అతుకు వీపు మీదా పొట్ట కిందా ఈ చివర నుంచి ఆ చివరికి పోతుంది. ఉత్త ప్లాస్టిక్ మీద చేతికి తగలని అతుకు బూడిదరంగు ప్రైమర్ పడగానే గీతలా తేలుతుంది. అప్పుడు నిరుత్సాహపడకు. గోడకి లప్పం పెట్టినట్టు అక్కడ మాత్రమే పుట్టీ పెట్టి, ఆరాక 600 నంబరు వాటర్ పేపరుతో, తర్వాత 1000తో తడిపి రుద్ది, మళ్ళీ ఆ భాగానికే ప్రైమర్ కొట్టు. నేను ఒక మిగ్ వీపుకి ఇలా నాలుగుసార్లు చేశాను, నాలుగోసారి గీత పోయింది. మూడోసారే చాలనుకుని ఆపేసి ఉంటే ఇప్పటికీ నా కళ్ళకి ఆ గీతే కనిపించేది.

నువ్వుండేది విశాఖలో కాబట్టి ఇంకోమాట. వానాకాలంలో లాకర్ (థిన్నర్‌తో పల్చన చేసే, త్వరగా ఆరే రకం) ప్రైమర్ కొడితే థిన్నర్ గబగబా ఆవిరైపోతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద దిగి పూత తెల్లగా పాలిపోతుంది. ఒక జూలైలో నాకు ఇదే జరిగింది, మొత్తం రుద్ది మళ్ళీ మొదటికొచ్చాను. వాన తెరిపిచ్చిన రోజు మధ్యాహ్నం కొట్టు, నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్ వాడు. అలాగని ఏసీ గదిలో తలుపులు బిగించుకుని మాత్రం కొట్టొద్దు. కిటికీ తెరిచి, ఆవిర్లని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకో. గుడ్డ మాస్క్ ఆవిర్లని ఆపదు, ఈ ఒక్క విషయంలో మామయ్య మాట జవదాటకు.

గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌కి 0.3 మిల్లీమీటర్ల నాజిల్ సరిపోతుంది. రంగు పాలంత పల్చగా, గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్ఐ, దూరం జానెడుకి తక్కువే. ఒకే కోటులో కప్పేయాలని చూడకు, పల్చగా మూడు కోట్లు వెయ్యి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ ఎయిర్‌బ్రష్ కడగడానికి మంచిదే కానీ రంగులో కలపకు, ప్లాస్టిక్‌ని తినేస్తుంది.

రంగుకి ముందు ఒకే ఒక్క విమానాన్ని ఎంచుకో, తోక నంబరుతో సహా, దాని ఫొటోలు ఎదురుగా పెట్టుకో. నువ్వు అనుకున్న బైసన్ (మిగ్-21లో ఆధునీకరించిన రకం) బూడిదరంగే కాబట్టి ముందు అసలు రంగు వేసి, తర్వాత అందులోనే కొన్ని చుక్కల తెలుపు కలిపి ఒక్కో ప్యానెల్ మధ్యలో మబ్బులా తేలిగ్గా కొట్టు, ఎండకి వెలిసినట్టు వస్తుంది. అన్ని ప్యానెళ్ళూ ఒకేలా వెలిస్తే గళ్ళ దుప్పటిలా ఉంటుంది, కొన్నిటిని వదిలెయ్. తోక చివర నాజిల్ దగ్గర రంగు లేని లోహం ఉంటుంది చూడు, అక్కడ మెరిసే నల్ల ప్రైమర్ వేసి దానిమీద అల్యూమినియం రంగు కొట్టాలి, అడుగున నలుపు ఎంత నున్నగా ఉంటే పైన లోహం అంత నిజంగా కనిపిస్తుంది. మాస్కింగ్ టేపుని ముందు ముంజేతికి ఒకసారి అంటించి తీస్తే జిగురు తగ్గి రంగుని లాక్కురాదు. కాక్‌పిట్ లోపల నీలం కలిసిన ఆకుపచ్చ, చక్రాల మధ్య బిళ్ళలు ఆకుపచ్చ. ఆ తర్వాత గ్లాసీ కోటు, అంటే మెరిసే పారదర్శక పూత, దాని మీద గుర్తులూ నంబర్లూ ఉండే డెకాల్స్ స్టిక్కర్లు, మళ్ళీ ఒక గ్లాసీ కోటు.

ఇప్పుడు నీకు అసలు కావాల్సింది, మురికి. నెట్‌లో జనం చేసినవి చూస్తే నాకు బాధేస్తుంది. పెచ్చులూడిపోయి, నల్లటి చారలతో, పదేళ్ళు చెట్టుకింద పడేసినట్టు చేస్తారు. అలాంటి విమానాన్ని మేము పైలట్‌కి అప్పజెప్పేవాళ్ళమే కాదమ్మా. గుడ్డలు పట్టుకుని ఎంత తుడిచేవాళ్ళమో! కాబట్టి ప్రతి మరకకీ ముందు నిన్ను నువ్వు ప్రశ్న వేసుకో, ఇది ఇక్కడికి ఎలా వచ్చింది అని. జవాబు రాకపోతే వెయ్యకు.

లెక్క చూడు. 1/48లో ఒక మిల్లీమీటరు అంటే నిజం విమానం మీద 48 మిల్లీమీటర్లు, దాదాపు మూడు వేళ్ళ వెడల్పు. నువ్వు బ్రష్‌తో సరదాగా పెట్టే చుక్క అక్కడ అరచేతిలో సగం పెచ్చు ఊడినట్టు. అందుకే పెచ్చులు వద్దంటాను, తప్పదనుకుంటే వెండిరంగు పెన్సిల్ మొన చెక్కి, రోజూ తెరిచే మూతల స్క్రూల దగ్గర మాత్రం తాకించు.

మురికి నిజంగా ఎక్కడుంటుందంటే, నిచ్చెన తగిలించేది కాక్‌పిట్‌కి ఎడమవైపు, అందుకని బూట్లు, చేతులు తగిలి అయ్యే మురికి అటే, కుడివైపు అంత ఉండదు. పొట్ట కింద 23 మిల్లీమీటర్ల జంట తుపాకీ ఉంటుంది, దాని మూతి నుంచి వెనక్కి మసి పడుతుంది, ముందుకి ఎప్పటికీ పడదు. హైడ్రాలిక్ నూనె ఎర్రగా ఉంటుంది, కారింది పొట్ట మీద వెనక్కి సాగుతుంది, దుమ్ము పట్టాక గోధుమరంగుకి తిరుగుతుంది. వీటన్నిటివల్ల పొట్టే ఎక్కువ మాస్తుంది, వీపు ఎండకి వెలుస్తుంది. పక్కల మీద చార కిందికి దిగిందంటే నేల మీద నిలబడి ఉన్నప్పటిది, వెనక్కి సాగిందంటే ఎగిరినప్పటిది.

వాష్‌కి, అంటే ప్యానెళ్ళ మధ్య గీతల్లోకి పాకించే పల్చటి ముదురు రంగుకి, ఖరీదైన సీసాలేం కొనకు. క్యామెల్ ఆయిల్ కలర్ ట్యూబుల్లో బర్న్ట్ అంబర్, కొంచెం నలుపు, టర్పెంటైన్‌తో టీ డికాషన్‌లా పల్చన చెయ్యి. లేత బూడిద మీద ఉత్త నలుపు వేస్తే గీతలు గీసినట్టుంటుంది. కింద వేసిన గ్లాసీ కోటు ఎనామెల్ రకమైతే టర్పెంటైన్ దాన్ని కరిగిస్తుంది, అది లాకరో యాక్రిలిక్కో అయ్యుండాలి. సన్న బ్రష్‌తో గీతల్లో తాకిస్తే అదే పాకుతుంది. అరగంటాగి నూలు గుడ్డతో ముక్కు నుంచి తోక వైపే తుడువు. చివర్లో మెరుపు తగ్గించే మ్యాట్ కోటు, నువ్వు రాజస్థాన్‌లోని నాల్ స్థావరం విమానం చేస్తున్నానన్నావు కాబట్టి టైర్లకి, చక్రాల గూళ్ళకి కొద్దిగా ఇసుకరంగు పొడి. టైరు కారునలుపు కాదు, ముదురు బూడిద.

మన వైమానిక దళంలో 1963లో చండీగఢ్‌లో మొదలైన ఈ విమానానికి 2025 సెప్టెంబర్ 26న అక్కడే వీడ్కోలు చెప్పారు. ఆ రోజు టీవీ ముందు నుంచి లేవలేదు నేను, మీ అత్తయ్య అన్నం కూడా అక్కడికే తెచ్చి పెట్టింది. నీది పూర్తయ్యాక నేను వచ్చి పొట్ట కింద చూస్తాను, పై నుంచి కాదు. ఈలోపు వీపు మీద ప్రైమర్ రెండో కోటు పడగానే పక్క నుంచి వెలుగు పడేలా ఒక ఫొటో తీసి పంపు.

మీ మామయ్య