కోర్సు కొనాలా, కొలువులో చేరాలా?

పరకాల నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది: “మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ చివరి సెమిస్టర్‌లో ఉంది. మైక్రోబయాలజీ, జువాలజీ, కెమిస్ట్రీ సబ్జెక్టులు. రెండుసార్లు నీట్ రాసినా సీటు రాలేదు. ఎమ్మెస్సీ చేయించమని లెక్చరర్లు చెబుతున్నారు. లక్షా ఇరవై వేలు కట్టి ఆరు నెలల క్లినికల్ రీసెర్చ్ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అంటున్నారు. అమ్మాయి మాత్రం ఫార్మా కంపెనీలో చేరతానంటోంది. కంపెనీ అంటే రాత్రి షిఫ్టులని మాకు భయం. పత్తి మీద వచ్చిన డబ్బు ఇది, ఒక్కసారే పెట్టగలం. ఏం చేయమంటారు?”

అయ్యా, మీరు రాసిన మూడు మాటల్లో నేను మీ అమ్మాయి మాట వైపే ఉన్నాను. ఆమెకు తెలిసో తెలియకో, ఆ సబ్జెక్టులతో నేరుగా అడుగుపెట్టగల దారినే ఆమె ఎంచుకుంది.

హైదరాబాద్ చుట్టూ ఈ పరిశ్రమ ఎలా పెరిగిందో కొంచెం చూస్తే సంగతి తెలుస్తుంది. బాలానగర్‌లో ప్రభుత్వ రంగంలోని ఐడీపీఎల్ ఫ్యాక్టరీ వచ్చాక మందుల తయారీ తెలిసిన ఒక తరం ఇక్కడ తయారైంది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. అది ప్రధానంగా కెమిస్టుల కాలం. తర్వాత టీకాల వంతు వచ్చింది. శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను మార్కెట్లోకి తెచ్చింది, 1999లో శామీర్‌పేట వైపు టీకా, బయోటెక్ కంపెనీల కేంద్రమైన జీనోమ్ వ్యాలీ మొదలైంది. బిళ్లలు చేసే చోట కెమిస్టు ఎంత ముఖ్యమో, టీకాలు, ఇంజెక్షన్లు నింపే చోట మైక్రోబయాలజిస్టు అంత ముఖ్యం. మీ అమ్మాయికి ఆ రెండు సబ్జెక్టులూ ఉన్నాయి. పైగా డ్రగ్స్ రూల్స్ ప్రకారం కెమిస్ట్రీ ప్రధాన సబ్జెక్టుగా చదివిన సైన్స్ గ్రాడ్యుయేట్, మందుల తయారీలో మూడేళ్ల అనుభవం వచ్చాక, ఉత్పత్తిని పర్యవేక్షించే టెక్నికల్ సిబ్బందిగా ఆమోదం పొందడానికి అర్హత సాధించవచ్చు. బీఫార్మసీ చదివినవారికి 18 నెలల అనుభవం చాలు. అందువల్ల కెమిస్ట్రీని కేవలం పాసు మార్కుల సబ్జెక్టుగా చూడవద్దని ఆమెకు చెప్పండి.

ఇంజెక్షన్ల ఫ్యాక్టరీలో మైక్రోబయాలజీ ల్యాబ్ పని ఎలా ఉంటుందో మీకు తెలిస్తే సగం భయం పోతుంది. తల నుంచి పాదం దాకా కప్పే గౌను వేసుకుని, మందు నింపే గదిలో, సూక్ష్మజీవులు పెరిగే జెల్లీ లాంటి అగార్ పోసిన ప్లేట్లను తెరిచి పెడతారు. ఒక్కో ప్లేటును నాలుగు గంటలకు మించి తెరిచి ఉంచరు. తర్వాత వాటిని ఇంక్యుబేటర్‌లో, బూజు జాతుల కోసం 20 నుంచి 25 డిగ్రీల వద్ద, బ్యాక్టీరియా కోసం 30 నుంచి 35 డిగ్రీల వద్ద ఉంచి, మొలిచిన కాలనీలను, అంటే సూక్ష్మజీవుల చుక్కలను, లెక్కపెడతారు. సీసాలు నింపే చోటు దగ్గర ఒక్క కాలనీ కనిపించినా అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా విచారణ సాగుతుంది. ఆ పనిలో ఒంటికి శ్రమ తక్కువ, ధ్యాస ఎక్కువ కావాలి.

ఇక్కడే నేను అసలు చెప్పదలచుకున్న మాట ఉంది. నా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లలకు నేను ఒక చిన్న పరీక్ష పెడతాను. తూకం ముందు కూర్చోబెట్టి ఒక గ్రాము ఉప్పు తూచి రాయమంటాను. తూచడం దాదాపు అందరికీ వస్తుంది. రాయడం దగ్గరే తప్పు దొర్లుతుంది: చిత్తు కాగితం మీదనో అరచేతి మీదనో అంకె రాసుకుని, ఆ తర్వాత నోటుబుక్కులోకి అందంగా ఎక్కిస్తారు. పాపం, వాళ్ల తప్పు కాదు. మన కాలేజీల్లో ప్రాక్టికల్ రికార్డు అంటే బయటి ఎగ్జామినర్ వచ్చే ముందు వారం సీనియర్ రికార్డు తెచ్చుకుని, రీడింగులతో సహా దించేయడమేనని మూడేళ్లు నేర్పిస్తాం. ఫ్యాక్టరీలో అదే పని చేస్తే ఉద్యోగం పోతుంది. అక్కడ ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో తెలిసేలా, చూసిన క్షణంలోనే, నిర్ణీత ఫారంలోనే రాయాలి. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకుండా ఒకే గీత కొట్టి, పక్కన సరైన అంకె, సంతకం, తేదీ, కారణం రాయాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మన దేశపు కంపెనీలకు పంపిన హెచ్చరిక లేఖల్లో చాలావాటికి మూలం మందులో దోషం కాదు, చించేసిన కాగితాలు, దిద్దిన రీడింగులు. ఈ క్రమశిక్షణ లక్షా ఇరవై వేల కోర్సులో దొరకదు. ల్యాబులో మొదటి ఆరు నెలలు జీతం తీసుకుంటూ నేర్చుకోవలసిందే.

ఆ కోర్సు సంగతి. క్లినికల్ రీసెర్చ్ (మందులను మనుషుల మీద పరీక్షించే పని), ఫార్మకోవిజిలెన్స్ (వాడిన మందుల దుష్ఫలితాలను గమనించే పని) మంచి రంగాలే. మందు వాడిన రోగికి ఎదురైన ఇబ్బందిని నమోదు చేసి పరిశీలించే పనికి లైఫ్ సైన్సెస్ గ్రాడ్యుయేట్లను కూడా తీసుకుంటారు. అయితే ఆ ఉద్యోగానికి ఈ సర్టిఫికెట్ ఉండి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. బీఫార్మసీ, ఫార్మ్-డీ చదివినవారితో పోటీ ఉంటుంది. చేరాక శిక్షణ కంపెనీలే ఇస్తాయి. ఎంపికలో గట్టెక్కించేది ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా నాలుగు వాక్యాలు రాయగలగడం. అయినా చేర్పించాలనిపిస్తే, గత బ్యాచ్ పిల్లల నియామక పత్రాలు చూపించమని అడగండి, అందులో ఇద్దరితో మీరే ఫోన్‌లో మాట్లాడండి, ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసు ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. “గ్యారంటీ” అన్నవారు ఆ కాగితం దగ్గర తడబడితే విషయం మీకే అర్థమవుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరు అడిగినా వాళ్ల దగ్గర వదిలి రాకండి. బాండ్ పేరుతో వాటిని దాచిపెట్టుకున్న ఒక కన్సల్టెన్సీ చుట్టూ నా విద్యార్థి తండ్రి ఒకాయన నెలల తరబడి తిరగడం చూశాను.

ఎమ్మెస్సీని నేను కాదనను, కానీ అది ఎక్కడ అన్నదే ప్రశ్న. తెలంగాణలో పీజీ ప్రవేశ పరీక్ష అయిన సీపీగెట్ రాసి కాకతీయలోనో ఉస్మానియాలోనో సీటు తెచ్చుకున్నా, కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం తోడ్పాటుతో నడిచే కోర్సుల కోసం గ్యాట్-బి ప్రవేశ పరీక్ష రాసి నెలనెలా స్టైపెండ్ వచ్చే సీటు సంపాదించినా సంతోషంగా పంపించండి. పరిశోధనలోకి, టీకాల అభివృద్ధిలోకి వెళ్లాలంటే ఆ చదువు అవసరం. ఆ రెండింటికీ దరఖాస్తు రుసుము కట్టగలరు కాబట్టి ఈ ఏడాదే రాయించండి. అలాంటి సీటు రాకపోతే, పెద్ద ఫీజు కట్టి చేసే ఎమ్మెస్సీ కన్నా మందుల నాణ్యతను పరీక్షించే క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో రెండేళ్ల అనుభవానికే ఎక్కువ విలువ అని నా అభిప్రాయం. అక్కడి నుంచి క్వాలిటీ అష్యూరెన్స్‌కు (పద్ధతులు పాటిస్తున్నారో లేదో చూసేది), వాలిడేషన్‌కు (యంత్రాలు, పద్ధతులు సరిగ్గా పనిచేస్తాయని రుజువు చేసేది), కొన్నేళ్ల తర్వాత అనుమతుల పని చూసే రెగ్యులేటరీ విభాగానికి మారిన పిల్లలు నాకు తెలుసు. ఉద్యోగంలో చేరాక మళ్లీ చదువుకు వచ్చేవారు తక్కువన్నది కూడా నిజమే, దాచడం ఎందుకు?

ఇప్పుడు రాత్రి షిఫ్టు. సూక్ష్మజీవులు లేకుండా మందు నింపే స్టెరైల్ ప్లాంటు రేయింబవళ్లు నడుస్తుంది కాబట్టి ల్యాబులోనూ షిఫ్టులు ఉండవచ్చు. మహిళ సమ్మతి లేకుండా రాత్రి పని వేయకూడదు; సమ్మతితో వేసినా రవాణా, భద్రత ఏర్పాటు చేయవలసిన బాధ్యత కంపెనీదే. “మగవాళ్లు మాత్రమే” అని ప్రకటన ఇచ్చేవి ప్రొడక్షన్‌లో ఇప్పటికీ కనిపిస్తున్నాయి, అది అన్యాయమే, కానీ ల్యాబులు, క్వాలిటీ విభాగాల్లో అమ్మాయిలు బాగానే పనిచేస్తున్నారు. ఇంటర్వ్యూ అయ్యాక హెచ్‌ఆర్‌ను మూడు ప్రశ్నలు అడగమనండి: ఏయే షిఫ్టులు, బస్సు ఏ స్టాపు దాకా వస్తుంది, నియామకం కంపెనీ పేరు మీదనా కాంట్రాక్టర్ పేరు మీదనా. మూడో ప్రశ్నకు జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే తొందరపడవద్దు. జీనోమ్ వ్యాలీ అయితే అల్వాల్, కొంపల్లి వైపు హాస్టల్ చూసుకోవచ్చు. కాజీపేటలో రైలెక్కి ఒకసారి మీరే వెళ్లి ఆ హాస్టలూ, బస్సు ఆగే చోటూ చూసి రండి.

నేరుగా ఉద్యోగం దొరక్కపోతే అప్రెంటిస్‌గా చేరడం నామోషీ కాదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టం కింద స్టైపెండ్ ఇస్తూ నేర్పించాలి. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో పేరు నమోదుకు డబ్బు కట్టనక్కర్లేదు.

పరీక్షలయ్యేలోగా ఆమె కాలేజీ ల్యాబులోని ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవులను చంపే పాత్ర), పీహెచ్ మీటర్ (ఆమ్లత్వం కొలిచేది), మైక్రోస్కోప్‌లను తన చేత్తో వాడాలి. ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 15 నిమిషాలు అని అందరూ గడగడా చెబుతారు. లోపల గాలి మిగిలిపోతే ఏమవుతుందని అడిగితే చాలామంది ఆగిపోతారు. గాలి చిక్కుకున్న చోట ఆవిరి సరిగ్గా తాకదు, గేజీ మీద ఒత్తిడి సరిగానే ఉన్నా వేడి చాలదు, సూక్ష్మజీవులు బతికిపోతాయి. ఇంటర్వ్యూ చేసేవారు వెతికేది ఈ రెండో జవాబును.

మీరు ఉత్తరంలో బ్యాక్‌లాగ్‌ల సంగతి రాయలేదు. నేరుగా ఇంటర్వ్యూకు రమ్మనే వాక్-ఇన్ ప్రకటనల్లో డిగ్రీ పూర్తయిన ఏడాదిని కూడా చూస్తారు కనుక, ఒక్క పేపరు మిగిలి ఉన్నా పైన చెప్పినవన్నీ పక్కనపెట్టి, ముందు దాని సప్లిమెంటరీ ఫీజు గడువు ఎప్పుడో కాలేజీలో కనుక్కోండి.