వైరింగ్ బొమ్మకి మీ మెసేజ్‌లతో పనేంటి?

సందేహం: కొబ్బరి తోటలో దున్నడానికి పదిహేనేళ్ల నాటి మినీ ట్రాక్టర్ వాడుతున్నాను. తాళం తిప్పితే ఒక్కోసారి సెల్ఫ్ తిరుగుతుంది, ఒక్కోసారి టక్ మని ఆగిపోతుంది. కొత్త బ్యాటరీ వేసినా అంతే. వైరింగ్ డయాగ్రామ్ ఉందా అని వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకాయన ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించేది) పంపారు. ఇన్‌స్టాల్ చేసి, అడిగిన పర్మిషన్లన్నీ ఇచ్చాను. తెల్ల తెర తప్ప ఏమీ రావట్లేదు. నా ఫోన్ పాతదవడం వల్లేనా?
- అంబాజీపేట దగ్గర నుంచి ఓ రైతు

జవాబు: ఫోన్ పాతదవడం వల్ల కాదండీ. ముందు ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, వైఫై ఆపండి. ట్రాక్టర్ సంగతి తర్వాత.

బొమ్మ చూపించే యాప్‌కి మీ ఎస్సెమ్మెస్‌లు చదవాల్సిన పనేముంటుంది? పర్మిషన్ అడిగినప్పుడే అనుమానం రావాలి. ఇలాంటి యాప్‌కి కావలసింది బ్యాంకు పంపే ఓటీపీ. తెల్ల తెర వెనకాల జరిగేది అదే. పీఎం కిసాన్ పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో, చలానా పేరుతో తిరిగిన ఫైళ్ల పని కూడా ఇదే. ఎన్నిసార్లు రాసినా మళ్లీ ఇవే ఉత్తరాలు వస్తున్నాయి, బాధగా ఉంది. ఫైల్ పేరు మొదట్లో ఏం రాసి ఉన్నా చివర చూడండి. పీడీఎఫ్ అయితే అది కాగితం. ఏపీకే అయితే అది ఇంట్లోకొచ్చే మనిషి.

ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ సొమ్ము దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. తర్వాత సెట్టింగ్స్‌లో ఆ యాప్‌ని తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే యాక్సెసిబిలిటీలోనూ, డివైజ్ అడ్మిన్‌లోనూ దాని పేరు ఆపి మళ్లీ ప్రయత్నించండి. తీసేశాక కూడా నేనైతే ఆ ఫోన్‌ని నమ్మను. ఫొటోలు కేబుల్‌తో కంప్యూటర్‌లోకి దించుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆ తర్వాత *#21# కొట్టి మీ కాల్స్ వేరే నంబరుకి మళ్లుతున్నాయేమో చూడండి. మళ్లుతుంటే ##002# కొడితే ఆగిపోతాయి. పిన్‌లన్నీ మార్చండి. ఫైల్ పంపినాయన్ని తిట్టకండి, ఆయన ఫోన్ కూడా ఇలాగే చిక్కుకుని ఉండొచ్చు. గ్రూపులో అందరికీ మాత్రం చెప్పండి.

ఇక ట్రాక్టర్. టక్ మన్న చప్పుడు వస్తోందంటే తాళం నుంచి సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్) దాకా కరెంటు అందుతున్నట్టే, కాబట్టి డయాగ్రామ్‌తో పెద్దగా పనిలేదు. మొదట చూడాల్సింది ఎర్త్ వైరు, అంటే బ్యాటరీ నెగెటివ్ నుంచి బండి లోహానికి బోల్టుతో బిగించే వైరు. మన వైపు ఉప్పుగాలి, దమ్ములో చిమ్మిన బురద కలిసి ఆ బోల్టు కింద చిలుము పట్టిస్తాయి. పైకి బిగువుగానే కనిపిస్తుంది, విప్పి చూస్తే పచ్చటి పొడి రాలుతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, మల్టీమీటర్ ఒక కొసని బ్యాటరీ నెగెటివ్ కొమ్ము మీద (క్లాంపు మీద కాదు), రెండో కొసని ఇంజను బ్లాకు మీద ఆనించి ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ చెడినట్టే. నెగెటివ్ ముందు విప్పండి, బిగించేటప్పుడు ఆఖర్న బిగించండి. లోహం తళుక్కుమనేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన గ్రీజు రాయండి. ఎర్త్ బాగుంటే పాజిటివ్ వైరుని, సెల్ఫ్ మోటారుని అనుమానించాలి. క్లచ్ దగ్గరి సేఫ్టీ స్విచ్‌ని మాత్రం ఎవరు చెప్పినా డైరెక్ట్ చేయించకండి.

తయారీదారులతోనూ నాకు పేచీ ఉంది. మా మావయ్య పాకలో ట్రాక్టర్ పుస్తకం ప్లాస్టిక్ సంచిలో మేకుకి వేలాడుతుండేది, వైరింగ్ పేజీ నిండా ఆయన నల్లటి వేలిముద్రలే. ఇప్పుడు పుస్తకం బదులు స్టిక్కరు అంటిస్తున్నారు. స్కాన్ చేస్తే యాప్, యాప్ తెరిస్తే లాగిన్. బండి ఇరవై ఏళ్లు నడుస్తుంది, ఆ యాప్ అన్నేళ్లు ఉంటుందా? దొరక్కనే కదా రైతు గ్రూపులో అడిగింది! బానెట్ లోపల ఒక్క లామినేటెడ్ కాగితం అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

మీటర్‌లో ఎంత వచ్చిందో రాయండి. ఫోన్ రీసెట్ చేశాకే రాయండి.