మొదటి ప్లగిన్ రాసే ముందు

కడప

చి.సౌ. శైలజకు,

మామ ఆశీస్సులు. అనంతపురంలో విత్తనాల షాపాయనకు వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్‌తో సైట్ చేసిచ్చావని, వేరుశనగ రైతుల కోసం ఆయన అందులో వారం వారం రాస్తున్నాడని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. ఇప్పుడు దానికి నువ్వే ప్లగిన్, అంటే సైట్‌కు కొత్త పని నేర్పే అదనపు కోడ్, రాస్తానంటున్నావట. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా.

ముందు నీకు కావాల్సిన పని చేసే ప్లగిన్ ఇప్పటికే ఉందేమో చూడు. ఉంటే దాని చివరి అప్‌డేట్ ఎప్పుడో, వర్డ్‌ప్రెస్ ఏ వెర్షన్ దాకా పరీక్షించారో, వాడినవాళ్లు ఏమని ఫిర్యాదు చేశారో చదువు. రెండేళ్లుగా ఎవరూ పట్టించుకోని ప్లగిన్‌ను నేనైతే ముట్టుకోను. డబ్బు పెట్టి కొనాల్సినవి ఎక్కడో ఉచితంగా దొరుకుతున్నాయని ఎవరైనా ఫైల్ పంపితే అస్సలు వేయొద్దు. అలాంటి వాటిలో దొంగదారులు పెట్టి ఉంచుతారు.

నువ్వే రాయక తప్పదనుకుంటే భయపడాల్సిందేమీ లేదు. ప్లగిన్ల ఫోల్డర్‌లో వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీలో ఒక ఫైల్, దాని మొదట్లో ప్లగిన్ పేరు చెప్పే కామెంట్ ఉంటే చాలు, అడ్మిన్ పేజీలో కనిపిస్తుంది. 2004లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచీ ఈ వెసులుబాటు ఉంది. వర్డ్‌ప్రెస్ అసలు ఫైళ్లలో మాత్రం చెయ్యి పెట్టకు. తర్వాతి అప్‌డేట్ రాగానే నువ్వు మార్చిందంతా తుడిచిపెట్టుకుపోతుంది.

నీ కోడ్‌ను వర్డ్‌ప్రెస్‌కు తగిలించే కొక్కేలను హుక్స్ అంటారు, అవి రెండు రకాలు. ఫలానా సమయానికి ఈ పని చెయ్యి అని చెప్పేది యాక్షన్. వెళ్తున్న సరుకును చేతికి తీసుకుని, మార్చి, మళ్లీ వదిలేది ఫిల్టర్. కొత్తవాళ్లు తప్పు చేసేది ఈ ఫిల్టర్ దగ్గరే. మన కేసీ కెనాల్ ఉంది కదా, సుంకేసుల నుంచి నీళ్లు కడప దాకా రావాలంటే పైవాళ్లు వాడుకుని కిందికి వదలాలి. ఫిల్టర్ కూడా అంతే. వ్యాసాన్ని తీసుకున్న నీ ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) చివర్లో, దాన్ని తిరిగి ఇచ్చే రిటర్న్ మర్చిపోతే పేజీలో వ్యాసమే ఉండదు. ఎర్రర్ కూడా చూపించదు, నువ్వు రాత్రంతా వెతుక్కుంటావు. అక్కడ రిటర్న్ బదులు, అప్పటికప్పుడే అచ్చేసే ఎకో రాసినా తప్పే, ఉండాల్సిన చోట కాకుండా ఎక్కడో పైన అచ్చవుతుంది.

ఇప్పుడు చెప్పేది నా చేతిలో జరిగిన తప్పు. వ్యాసం మొదటి నాలుగు ముక్కలు హోమ్ పేజీలో చూపించే ప్లగిన్ ఒకటి రాశాను. ఇంగ్లీషుతో పరీక్షించాను, బాగానే వచ్చింది. ఉగాది రోజు పొద్దున ఆ సైట్‌లో తెలుగు వ్యాసాలు పెట్టారు. చాలా వ్యాసాల ముక్కల చివర ప్రశ్నార్థకం ఉన్న నల్లటి డైమండ్ గుర్తులు! రాతలోంచి ముక్క కోసే సబ్‌స్టర్ ఫంక్షన్ అక్షరాలను కాదు, బైట్లను లెక్కపెడుతుంది. కంప్యూటర్ రాతను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. ‘కర్నూలు’ మన కంటికి మూడక్షరాలే, కంప్యూటర్‌కు 7 గుర్తులు, 21 బైట్లు. నా కోడ్ గుర్తు మధ్యలో కోసేసింది. బైట్లు కాక గుర్తులు లెక్కపెట్టే ఎంబీ సబ్‌స్టర్ వాడినా పూర్తిగా గట్టెక్కవు, మూడు అడిగితే ‘కర్’ దగ్గర ఆపేస్తుంది. అందుకని మాట మధ్యలో కోయనే వద్దు. వర్డ్‌ప్రెస్‌లోనే డబ్ల్యూపీ ట్రిమ్ వర్డ్స్ ఉంది, ఖాళీల దగ్గర విడదీసి పదాలు లెక్కపెడుతుంది, అది వాడు. పరీక్షించేటప్పుడు ఒత్తులు, గుణింతాలు నిండుగా ఉన్న వాక్యమే పెట్టు తల్లీ. ఆ సైట్ చదివేది మన రైతులు.

ఫంక్షన్ పేర్లకు ముందు నీదైన గుర్తు ఒకటి తగిలించు. అదే పేరు ఇంకో ప్లగిన్‌లో ఉంటే సైట్ మొత్తం పడిపోతుంది.

ఫారంలోంచి వచ్చే ఏ సమాచారాన్నీ నమ్మకు. తీసుకునేటప్పుడు శుభ్రం చెయ్యి, పేజీలో చూపించేటప్పుడు ఎస్కేప్ చెయ్యి (కోడ్‌గా నడవకుండా మామూలు రాతగా మార్చు), డేటాబేస్‌ను అడిగేటప్పుడు ప్రిపేర్ వాడు, బయటి సమాచారం ఆదేశంగా మారకుండా అది కాపాడుతుంది. సెట్టింగులు మార్చే ఫారానికి నాన్స్ (ఆ ఫారం మన సైట్ నుంచే వచ్చిందని చెప్పే గుర్తు) పెట్టు, మారుస్తున్న మనిషికి ఆ హక్కు ఉందో లేదో కూడా చూడు. ఈ రెండూ వేర్వేరు. నాన్స్ ఉంది కదా అని రెండోది వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను.

నడుస్తున్న సైట్‌లో ప్రయోగాలు వద్దు. నీ ల్యాప్‌టాప్‌లో ఒక వర్డ్‌ప్రెస్ పెట్టుకుని, తప్పులు బయటపెట్టే డబ్ల్యూపీ డీబగ్ ఆన్ చేసుకుని అక్కడ రాయి. ఎప్పుడైనా అసలు సైటే తెల్లగా అయిపోతే టెన్షన్ పడకు. సర్వర్‌లోని ఫైళ్లను చూపించే ఎఫ్‌టీపీలోకి వెళ్లి నీ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చెయ్, వర్డ్‌ప్రెస్‌కు అది కనపడక ఆగిపోతుంది, సైట్ లేస్తుంది. 5.2 వెర్షన్ నుంచి ఇలాంటప్పుడు అడ్మిన్ మెయిల్‌కు రికవరీ లింకు కూడా వస్తుంది. ఆ మెయిల్ అడ్రస్ షాపాయనదో నీదో ఇప్పుడే చూసుకో.

కోడ్ రాశాక నాకు పంపు, ఆదివారం కూర్చుని లైను లైనూ చూస్తాను. ఈలోగా ఆయన సైట్‌కు బ్యాకప్ తీసి, అది మళ్లీ ఎక్కుతుందో లేదో నీ ల్యాప్‌టాప్‌లో ఒకసారి ఎక్కించి చూడు.

మీ మామ