బిడ్డ కాలు పోయింది, పాపం ఎవరిది?

ప్రశ్న: అయ్యగారికి వందనములు. మాది చిత్తూరు దగ్గర పల్లె. నా భర్త మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తారు. పోయిన తోతాపురి సీజన్‌లో, కూలి డబ్బులు చేతికొచ్చిన రోజు, తాగి, మా తొమ్మిదేళ్ల కొడుకును బండి మీద ఎక్కించుకొని వస్తూ పూతలపట్టు రోడ్డులో ఆగి ఉన్న లారీని గుద్దారు. ఆయన దెబ్బలు మానిపోయాయి. బిడ్డకు మాత్రం రాయవేలూరు (వెల్లూరు) ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు. ఉజ్జీవ కూటాలకు, అంటే సంఘం పెట్టిన ప్రత్యేక ప్రార్థన సభలకు, వచ్చిన ఒక బోధకుడు, ఈ ఇంట్లో ఒప్పుకోని పాపం ఉందని, అది ఒప్పుకొనేదాకా శాపం పోదని అందరి ముందు అన్నారు. మా అత్తగారు పూర్వజన్మ కర్మ అంటున్నారు. నా భర్త, దేవుని చిత్తం లేకుండా పిచ్చుకైనా నేల రాలదని చెప్పి, ఇప్పటికీ తాగుతున్నారు. బిడ్డ రాత్రిళ్లు “నేనేం తప్పు చేసినానమ్మా?” అని అడుగుతాడు. ఆ సాయంత్రం నాన్నను పిలుచుకొని రమ్మని మా తమ్ముడి వెంట వాణ్ణి పంపింది నేనే. పాపం నాదేనా?
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు: సోదరీ, మీ ఉత్తరంలో అందరికంటే చిన్నవాడు అడిగిన ప్రశ్నకే మొదట జవాబు చెబుతాను. వాడు ఏ తప్పూ చేయలేదు. ఈ మాటను ఈ రోజే, ఇంకే మాటా కలపకుండా, వాడికి చెప్పండి. దేవుడు నీ ద్వారా గొప్ప కార్యం చేయబోతున్నాడని కూడా ఇప్పుడే అనవద్దు. వాడు అడిగింది తప్పు గురించి, తన తప్పు లేదని తెలియడమే వాడికి ముందు కావాలి.

ఇది ఓదార్పు కోసం నేను కల్పించిన మాట కాదు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడిని చూసి, ఇతడు ఇలా పుట్టడానికి పాపం చేసింది ఇతడా, ఇతని కన్నవారా అని శిష్యులు యేసును అడిగారు. బాధ ఉన్నచోట దాని వెనక పాపం ఉండి తీరాలి, అది ఎవరి ఖాతాలోదో తేలాలి అన్నది వారి లెక్క. “వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు” అని ప్రభువు ఆ లెక్కనే కొట్టివేశాడు. మీ అత్తగారిని తప్పుపట్టడానికి నేను ఈ పేజీని వాడుకోను, ఆమె మనవడి కోసం ఏడుస్తూ తనకు తెలిసిన మాట అన్నారు. కానీ బైబిలు చేతపట్టుకొని నిలబడినవారు అదే లెక్క వేసి, దానికి క్రీస్తు పేరు పెట్టడం నన్ను కలచివేస్తుంది. నీతిమంతుడై ఉండీ పిల్లలను, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు విప్పక అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదొక్కటే. తరువాత నోరు తెరిచి, నీలో ఏదో పాపం ఉందని వాదించారు. గ్రంథం చివర దేవుని కోపం రగిలింది యోబు మీద కాదు, వారి మీద.

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల క్రితం తిరుపతిలో, జ్వరంతో కూతురు పోయిన ఇంటికి వెళ్లి, “మీ జీవితాలను పరీక్షించుకోండమ్మా” అన్నాను. ఆ తల్లి చేటలో బియ్యం ఏరుతోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. రెండు వేళ్ల మధ్య ఉన్న రాయిని పారేయకుండా, నేను లేచి వచ్చేంతవరకు అలాగే పట్టుకొని ఉండిపోయింది. తరువాత వెళ్లి క్షమాపణ అడిగాను, ఆమె క్షమించింది కూడా. అయినా ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనబడుతుంది.

బోధకులు, ఒకని భార్యను తీసుకొని అతణ్ణి చంపించిన దావీదు రాజుకు పుట్టిన బిడ్డ మరణాన్ని చూపిస్తారు. అది కఠినమైన వాక్యభాగమే, నేను దానిని తేలిక చేయను. కానీ అక్కడ దేవుడే నాతాను ప్రవక్తను పంపి, దావీదుతోనే ఆ సంగతి చెప్పించాడు. దానిని పట్టుకొని, దెబ్బ తగిలిన ప్రతి ఇంటికీ వెళ్లి రహస్య పాపం వెదకమని ఎవరికీ అధికారం ఇవ్వలేదు.

ఇప్పుడు మీ భర్త మాట. బోధకుడు లేని నేరాన్ని మీ ఇంట మోపాడు. మీ భర్త ఉన్న నేరాన్ని దేవుని మీదికి తోస్తున్నారు. నిజం చెప్పాలంటే నాకు రెండవదే ఎక్కువ భయం కలిగిస్తున్నది. పిచ్చుకల మాటను ప్రభువు హింసకు భయపడుతున్న శిష్యులకు ధైర్యం కోసం చెప్పాడు, తాగి బండి నడిపినవాడు చాటున దాక్కోవడానికి చెప్పలేదు. ఏదెనులో ఆదాము కూడా, నాతో ఉండటానికి నీవు ఇచ్చిన స్త్రీయే నాకు పండు ఇచ్చిందంటూ, తన తప్పును ఒక్క వాక్యంలో భార్య మీదికీ దేవుని మీదికీ నెట్టాడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండగా బండి నడపడం మన మోటారు వాహనాల చట్టం ప్రకారమే నేరం. చట్టం మనిషి చేసిన పనిగా చూసేదానిని, విశ్వాసి దేవుని ఖాతాలో రాయడం ఏమి భక్తి?

ఇక్కడ శిక్ష వేరు, ఫలితం వేరు అని గట్టిగా పట్టుకోవాలి. “తండ్రులు ద్రాక్షకాయలు తినగా పిల్లల పళ్లు పులిసెను” అని ఇశ్రాయేలీయులు చెప్పుకొనే సామెతను ఇక పలకవద్దని దేవుడు యెహెజ్కేలు 18వ అధ్యాయంలో అన్నాడు. తండ్రి దోషాన్ని కొడుకు మోయడు. తండ్రి చేసిన పని తాలూకు దెబ్బ మాత్రం కొడుకు మీద పడుతుంది, పడింది కూడా. కాలు పోయింది మీ బిడ్డకు, లెక్క అప్పజెప్పవలసింది వాడి తండ్రి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు మిగతావారికంటే పాపులు కారని ప్రభువు చెప్పాడు. వెంటనే వింటున్నవారివైపు తిరిగి, మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. పోయినవారి పాపం లెక్కించనివ్వలేదు, బతికి ఉన్నవారిని తప్పించుకోనివ్వలేదు.

మీరు బిడ్డను తీసుకువెళ్లిన రాయవేలూరు ఈ విషయంలో నాకు ఒక సంగతి నేర్పింది. 1946లో అక్కడికి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. ఆ జబ్బును శాపమని, మాంసం దానంతటదే కుళ్లి వేళ్లు రాలిపోతాయని జనం అనుకొనేవారు. రోగక్రిములు నరాలను దెబ్బతీయడం వల్ల స్పర్శ పోతుంది, వేడి గిన్నె పట్టుకున్నా చేతికి కాలినట్టు తెలియదు, తెలియని గాయాల మీద గాయాలు పడి వేళ్లు పోతాయి అని ఆయన గమనించి చూపించారు. ఇది ఎవరి పాపం అని అడిగి ఊరుకోకుండా, ఇది ఎలా జరుగుతోంది అని అడిగినందువల్ల ఆ చేతులకు వైద్యం దొరికింది. నొప్పి తెలియకపోవడమే అక్కడ ప్రమాదం. “దేవుని చిత్తం” అన్న మాట ఇప్పుడు మీ భర్త మనస్సాక్షికి అటువంటి తిమ్మిరిని తెచ్చిపెడుతోంది.

ఇక మీ సంగతి. తండ్రిని పిలుచుకొని రమ్మని బిడ్డను పంపడం పాపం కాదు, జరిగినదానికి కారణమూ కాదు. గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో ఒకరి భారాలను ఒకరు భరించాలని ఒకచోట, ప్రతివాడూ తన బరువు తానే మోసుకోవాలని కొద్ది వాక్యాల తరువాత ఉంటుంది. మూలభాషలో ఈ రెండూ వేరు మాటలు: మొదటిది మనిషిని అణచివేసే భారం, రెండవది ప్రయాణికుడు తన భుజాన తానే మోసే మూట. బిడ్డ కాలు మీరందరూ, సంఘమంతా కలిసి మోయవలసిన భారం. ఎదిగే పిల్లవాడికి కృత్రిమ కాలును ఎప్పటికప్పుడు మార్చవలసి ఉంటుంది గనుక రాయవేలూరు ప్రయాణాలకు, ఖర్చుకు తోడు నిలవమని మీ సంఘ పెద్దలను సిగ్గుపడకుండా అడగండి. ఆ రాత్రి తాగడం మాత్రం మీ భర్త మూట. దానిని మీరు ఎత్తుకోవద్దు, ఆయన్ను దించుకోనివ్వవద్దు.

ఆయన బిడ్డ ఎదుట కూర్చొని, “నేను తాగి నడిపినాను, తప్పు నాది, నీది కాదు” అని చెప్పాలి. బిడ్డ వెంటనే క్షమించాలని ఎవరూ బలవంతపెట్టకూడదు. తాగుడు మానడానికి ప్రార్థనతోపాటు వైద్యుడి దగ్గరికీ తీసుకువెళ్లండి, ఎందుకంటే ఏళ్ల తరబడి బాగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఆయన మళ్లీ తాగి ఉన్నప్పుడు పిల్లలను ఆయనతో బండి ఎక్కనివ్వకపోవడం అవిధేయత కాదు.

ఈ పేజీని ఆయనకు మీరే చదివి వినిపించడం కష్టమైతే, పత్రిక కార్యాలయానికి ఒక ఉత్తరం వేయండి. నేను తిరుపతి నుంచి ఒక ఆదివారం సాయంత్రం వచ్చి, మొదట ఆయనతో ఒంటరిగా మాట్లాడతాను.